ఆయన మాటల్లోని తేడాలన్నీ నా పట్టికలో ఉన్నాయి, బయటపెట్టమంటారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చాలా పెద్దది. రాసినవారు తన పేరు, ఊరు బయటికి రాకూడదని కోరారు కాబట్టి గుర్తుపట్టగల వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడ కొన్నేళ్లుగా ఒక అమెరికన్ యూట్యూబర్ వీడియోలు చూస్తున్నారు. పాత యంత్రాలను విప్పి, శుభ్రం చేసి, మళ్లీ నడిచేలా చేయడం ఆయన పని. ఆ పని చేస్తూనే తన జీవితం గురించి మాట్లాడుతుంటారు. తాను ఆర్మీలో పనిచేశానని, విదేశంలో విధుల్లో ఉండగా జరిగిన పేలుడులో తలకు దెబ్బ తగిలిందని, మాట తడబడటానికీ ఎక్కువ వెలుతురు తట్టుకోలేకపోవడానికీ అదే కారణమని పలుమార్లు చెప్పారు. ఆ నెమ్మదితనం నచ్చి మన పాఠకురాలు నెలనెలా సభ్యత్వం కూడా కడుతున్నారు. అభిమానుల చాట్ గ్రూపులో ఒకరోజు ఎవరో "ఇంతకీ ఈయన నిజంగా సైన్యంలో ఉన్నాడా?" అని అడిగారు. ఆవిడ ఆడిట్ రంగంలో పనిచేస్తారు, రెండు అంకెలు కలవకపోతే నిద్రపట్టని స్వభావం. పాత వీడియోలన్నీ మళ్లీ చూసి ఒక పట్టిక తయారుచేశారు: వీడియో తేదీ, ఎన్నో నిమిషం, ఆయన అన్న మాట, చివర ఎర్ర అక్షరాల్లో తన వ్యాఖ్య. ఒకచోట పేలుడు తర్వాత స్పృహ తప్పిందన్నారు, మరోచోట లేచి నడిచానన్నారు. ఒకసారి వాహనం బోల్తా పడిందన్నారు, ఇంకోసారి గోడ కూలిందన్నారు. ఒక వరుసలో, చేతిలో స్పానర్ పట్టుకుని దాన్ని "చెంచా" అన్నారని ఉంది. దాని ఎదురుగా ఆవిడ రాసుకున్న వ్యాఖ్య: "నటనా?"

పట్టిక ఉందని తెలిసిన దగ్గర్నుంచి గ్రూపు రెండుగా చీలిపోయింది. ఆయన దొంగ సైనికుడని ఒక వర్గం అంటుంటే, సైనికుడే కానీ మెదడు దెబ్బతిన్నవాడు, ఎప్పుడేం చేస్తాడో తెలియదు, భార్య జాగ్రత్తగా ఉండాలని రెండో వర్గం అంటోంది. భార్య ఎక్కడ పనిచేస్తుందో కూడా ఎవరో వెతికి గ్రూపులో పెట్టారు. సొంత ఛానల్ ఉన్న ఒక సభ్యుడు ఆ పట్టిక ఇస్తే వీడియో చేస్తానంటున్నాడు. ఆధారం చేతిలో పెట్టుకుని దాచడం కూడా మోసమేనని మిగతావాళ్లు ఒత్తిడి చేస్తున్నారు. ఇంతలో ఇంట్లో ఒక సంఘటన జరిగింది. ఆవిడ అన్నయ్యకు రోడ్డు ప్రమాదంలో తలకు గాయమై, చాలాకాలం తర్వాత ఇప్పుడిప్పుడే ఉద్యోగానికి వెళుతున్నారు. లాప్‌టాప్ తెరిచి ఉండగా ఆయన ఆ చెంచా వరుస చదివి, "నేను మాట కోసం వెతుక్కునేటప్పుడు నీకూ ఇలాగే అనిపిస్తుందా?" అని అడిగారట. ఆవిడ ఏమీ చెప్పలేకపోయారు.

ఆవిడ ప్రశ్నలు ఇవి. పట్టిక ఇవ్వాలా, చెరిపేయాలా? నిజం తెలుసుకునే దారి ఏదైనా ఉందా? ఆయనకే రాస్తే బాగుంటుందా? "నెలనెలా డబ్బు కట్టిన నాకు, మోసపోయానో లేదో తెలుసుకునే హక్కు లేదా?"

మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ప్రశ్న అడిగినందుకు మీరు సిగ్గుపడుతున్నట్టు ఉత్తరంలో కనిపించింది. సిగ్గుపడనవసరం లేదు. డబ్బు ఇచ్చినవారికి, ఆ డబ్బు ఏ మాట నమ్మి ఇచ్చారో ఆ మాట నిజమా కాదా అని అడిగే హక్కు ఉంటుంది. అయితే ఆ హక్కు ఎంతవరకు వెళుతుందో తేల్చుకోవాలి. మీ గ్రూపు అక్కడే దారి తప్పింది. ఆయన సైన్యంలో పనిచేశారా అన్నది ఒక ప్రశ్న. ఆయన తలకు ఏ దెబ్బ తగిలింది, అది ఇప్పటికీ ఎంత బాధిస్తోంది అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మీరు మోసపోయారా అన్నది మూడోది. మొదటిదానికి ప్రభుత్వ దస్త్రాల్లో జవాబు ఉంటుంది, ఎవరైనా మర్యాదగా అడిగి తెలుసుకోవచ్చు. రెండోదానికి జవాబు ఆయనకూ ఆయన వైద్యులకూ మధ్య ఉంటుంది. మీ గ్రూపు ఈ రెంటినీ కలగలిపేసి, గాయం గురించి చెప్పిన మాటల్లోని తేడాలను సైనిక సేవ అబద్ధమనడానికి రుజువుగా వాడుకుంటోంది. ఆ ముడి విప్పితే మీరు చేయవలసిన పని చాలావరకు తేలికపడుతుందని నా నమ్మకం.

సైనిక సేవ సంగతి ముందు చూద్దాం. అమెరికాలో సైన్యం నుంచి బయటికి వచ్చినవారి దస్త్రాలు మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది దస్త్రాల కేంద్రంలో ఉంటాయి. సేవ ముగిసి 62 ఏళ్లు దాటితే దస్త్రం అందరికీ తెరుస్తారు, అంతకాలం కానివారి గురించి కూడా అక్కడి సమాచార స్వేచ్ఛ చట్టం కింద బయటివారు కొన్ని వివరాలు కోరవచ్చు. పేరు, సేవ చేసిన తేదీలు, హోదా, ఎక్కడెక్కడ పనిచేశారు, ఏ పతకాలు వచ్చాయి వంటివి ఇస్తారు. వైద్య వివరాలు మాత్రం ఆ వ్యక్తి అనుమతి లేకుండా ఇవ్వరు. ఏది నలుగురికీ చెందుతుంది, ఏది ఒక మనిషికే చెందుతుంది అన్న గీతను ఆ దేశపు నియమాలే గీసిపెట్టాయి. మీరు కొత్తగా ఏమీ గీయనక్కర్లేదు.

ఈ దారిలోనూ ఇబ్బందులు ఉన్నాయి. దస్త్రం వెతకాలంటే అసలు పేరు, ఏ దళం, సుమారుగా ఏ సంవత్సరాలు అన్నవి కావాలి. ఆయన తన అసలు పేరుతోనే వీడియోలు చేస్తుంటే అడగడంలో తప్పులేదు. మారుపేరుతో చేస్తుంటే, అసలు పేరు, పుట్టినతేదీ తవ్వి తీయడమే ఆయన గోప్యతను ఛేదించడం అవుతుంది, ఆ తవ్వకం ఒకసారి గ్రూపులో మొదలైతే భార్య ఆఫీసు దగ్గర ఆగదని మీరు ఇప్పటికే చూశారు. దస్త్రం దొరకలేదన్న జవాబు వచ్చినా అది అబద్ధానికి రుజువు కాదు. పేరులో అక్షరం తేడా ఉండవచ్చు, దళం తప్పు రాసి ఉండవచ్చు. రాష్ట్రాల అధీనంలోనూ పనిచేసే రిజర్వు దళమైన నేషనల్ గార్డ్‌లో ఉన్నవారి సేవలో కొంత భాగం ఆయా రాష్ట్రాల దగ్గర వేరే పత్రాల్లో ఉంటుంది.

మీ గ్రూపులో కొందరు "డీడీ 214 చూపించమనండి, తేలిపోతుంది" అంటున్నారని రాశారు. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే పత్రం అది. దానిమీద పుట్టినతేదీ, చిరునామా, సామాజిక భద్రత సంఖ్య వంటివి ఉంటాయి. ఏ ప్రతి అన్నదాన్నిబట్టి విడుదలకు కారణం కూడా ఉండవచ్చు. లక్షలమంది చూసే తెరమీద దాన్ని పెట్టమనడం, ఇంటి తాళాలు తెచ్చి బజారులో పెట్టమన్నట్టే. నిజమైన సైనికుడైనా దానికి నిరాకరించడానికి పూర్తి కారణం ఉంది. ఆయన చూపించకపోవడాన్ని దోషంగా లెక్కవేయకండి.

"పర్పుల్ హార్ట్ రాలేదు కాబట్టి గాయం అబద్ధం" అన్న మరో వాదన కూడా మీ ఉత్తరంలో ఉంది. ఆ పతకం శత్రువు చర్య వల్ల గాయపడినవారికి, మరణించినవారికి ఇస్తారు. శిక్షణలోనో, వాహన ప్రమాదంలోనో తగిలిన గాయానికి ఎంత తీవ్రమైనదైనా ఆ పతకం రాదు. శత్రుచర్య వల్లనే తలకు దెబ్బ తగిలినా, ఆ సమయంలో ఎవరూ నమోదు చేయకపోతే పతకం దాకా వెళ్లకపోవచ్చు. స్వల్ప స్థాయి మెదడు గాయాలకు ఆ పతకం ఎప్పుడు వర్తిస్తుందో అమెరికా రక్షణ శాఖ 2011లో స్పష్టం చేయవలసి వచ్చిందంటే, అంతకుముందు ఎంత అయోమయం ఉండేదో ఊహించుకోవచ్చు. 2020 జనవరి 8న ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరంమీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించినప్పుడు, అమెరికన్ సైనికులెవరికీ గాయాలు కాలేదని మొదట ప్రకటించారు. కొన్ని వారాల్లో వందమందికి పైగా సైనికులకు మెదడు గాయం ఉన్నట్టు వైద్యులు నిర్ధారించారు, తర్వాత వారిలో కొందరికి పర్పుల్ హార్ట్ కూడా వచ్చింది. ప్రపంచమంతా కళ్లప్పగించి చూస్తున్న దాడిలోనే మొదటి లెక్క అలా తప్పినప్పుడు, ఎవరూ చూడని ఏదో దారిలో ఒక సైనికుడి తలకు తగిలిన దెబ్బకు కాగితం లేకపోవడంలో వింతేముంది?

ఇక మీ పట్టిక. దాన్ని మీరు శ్రద్ధగా చేశారు, ఆ శ్రద్ధను నేను తక్కువ చేయను. కానీ ఆడిట్‌లో లెక్క కలవనప్పుడు మీరు ముందు వోచర్ అడుగుతారు కదా, నేరుగా దొంగతనమని నివేదికలో రాయరు. ఇక్కడ ఎర్ర అక్షరాల వరుస ఆ మధ్య మెట్టును దాటేసింది. తలకు దెబ్బ తగిలినవారికి దెబ్బకు ముందు కొంతసేపు, తర్వాత కొంతసేపు జరిగినవి గుర్తులేకపోవడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. మనిషి లేచి నడుస్తూ, మాట్లాడుతూ ఉండి కూడా ఆ సమయాన్ని తర్వాత ఏమాత్రం గుర్తుచేసుకోలేకపోవచ్చు. ఆ ఖాళీని తోటివాళ్లు చెప్పిన మాటలతో, తానే ఊహించుకున్న దృశ్యాలతో మనసు నింపుకుంటుంది. అందువల్ల "స్పృహ తప్పింది" అన్న మాటా "లేచి నడిచాను" అన్న మాటా ఒకే మనిషి నోట నిజాయితీగా రావచ్చు, ఒకటి తనకు అనిపించినది, మరొకటి ఇతరులు తనకు చెప్పినది. పేలుడులో వాహనమూ బోల్తా పడవచ్చు, గోడా కూలవచ్చు. ఏ ప్రశ్నకు జవాబుగా ఏది చెప్పారో మీ పట్టికలో లేదు. గంటలకొద్దీ సాగే లైవ్‌లో ఎన్నో గంటకు ఆ మాట దొర్లిందో కూడా లేదు. మెదడు గాయం ఉన్నవారికి అలసట పెరిగేకొద్దీ మాటలు దొరకడం కష్టమవుతుంది కాబట్టి, ఆ స్పానర్ చెంచాగా మారిన క్షణం లైవ్ మొదట్లోదా చివర్లోదా అన్నది చాలా పెద్ద తేడా.

గాయం లేనివారి జ్ఞాపకాలూ ఏమంత నమ్మకమైనవి కావు. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడు, ఉల్రిక్ నీసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విశ్వవిద్యాలయంలోని విద్యార్థులచేత, ఆ వార్త తమకు ఎక్కడ, ఎలా తెలిసిందో రాయించారు. దాదాపు రెండున్నరేళ్ల తర్వాత వారినే మళ్లీ అడిగితే, చాలామంది పూర్తిగా వేరే కథ చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో చెప్పారు. కొందరికి తమ చేతిరాతతో ఉన్న పాత కాగితం చూపించినా కొత్త జ్ఞాపకమే నిజమనిపించింది. వాళ్లెవరూ అబద్ధాలకోరులు కారు.

గ్రూపులో ఎవరో ఆయన స్కాన్‌లు మామూలుగా వచ్చాయని ఒక వీడియోలో ఒప్పుకున్నారని, అంటే గాయమే లేదని తేల్చేశారని రాశారు. స్వల్ప మెదడు గాయాల్లో మామూలు సీటీ స్కాన్‌లో ఏమీ కనబడకపోవడమే సాధారణం. రక్తస్రావం, ఎముక విరగడం వంటివాటిని అది పట్టుకుంటుంది. మెదడు పనితీరులో వచ్చే తేడా దానికి దొరకదు. గ్లాస్గో నగరంలో ఇద్దరు న్యూరోసర్జన్లు, గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్, 1974లో ప్రచురించిన కొలమానాన్నే నేటికీ ఆసుపత్రుల్లో వాడుతున్నారు. కళ్లు తెరవడం, మాట్లాడటం, కదలడం చూసి 3 నుంచి 15 వరకు అంకె వేస్తారు. 13 నుంచి 15 వస్తే స్వల్ప గాయం అంటారు. ఆ అంకె మొదటి గంటల్లో మనిషి స్థితిని చెబుతుంది. ఆ తర్వాత ఏళ్లలో ఆ మనిషికి తలనొప్పులు వస్తాయా, వెలుతురు పడదా, కోపం త్వరగా వస్తుందా అన్నది అది చెప్పలేదు. చాలామంది వారాల్లో, నెలల్లో కోలుకుంటారు, కొందరికి లక్షణాలు మిగిలిపోతాయి.

ఇదంతా చెప్పి ఆయన నిజమే చెబుతున్నారని మిమ్మల్ని ఒప్పించాలని నా ఉద్దేశం కాదు. తలకు దెబ్బ తగిలిందన్న మాటే అబద్ధం కావచ్చు, సైనిక సేవ కూడా కావచ్చు. అలా నటించినవాళ్లు ఉన్నారు. నేను చెప్పేదల్లా, మీ దగ్గర ఉన్న పట్టిక అటూ ఇటూ ఏదీ తేల్చదు. గాయం నిజమైనా ఆ తేడాలు వస్తాయి, కథ కల్పించినా వస్తాయి. కాబట్టి "ఆధారం దాస్తున్నావు" అని మీమీద వస్తున్న నింద నిలవదు. అది ఆధారం అయితే కదా దాచడం.

రెండో వర్గం మాటలు నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. మెదడు దెబ్బతిన్నవాడు ప్రమాదకరమని, భార్యకు ముప్పని అంటున్నారు. ఇలాంటి పుకారుకు చాలా పాత చరిత్ర ఉంది. 1848 సెప్టెంబరు 13న వెర్మాంట్ రాష్ట్రంలో రైలుమార్గం పనుల్లో ఫోర్‌మన్‌గా ఉన్న ఫినియాస్ గేజ్ అనే యువకుడి చెంపలోంచి మూడున్నర అడుగులకు పైగా పొడవున్న ఇనుప కమ్మీ దూసుకుపోయి నడినెత్తిమీద బయటికి వచ్చింది. అతను బతికాడు. అతన్ని చూసిన డాక్టర్ హార్లో, ప్రవర్తనలో వచ్చిన మార్పుల గురించి రాసినది నిజానికి కొద్దిపాటి వాక్యాలే. కాలం గడిచేకొద్దీ ఆ వాక్యాలమీద కథలు పేరుకుపోయాయి. తాగుబోతన్నారు, ఏ పనిలోనూ నిలవలేదన్నారు, భార్యాబిడ్డలను హింసించాడన్నారు. గేజ్‌కు అసలు పెళ్లే కాలేదు. మాల్కమ్ మెక్‌మిలన్ అనే పరిశోధకుడు మూలాలన్నీ వెతికి చూస్తే, అతను చిలీ దేశంలో ఏళ్లతరబడి గుర్రపు బండ్లు తోలే ఉద్యోగం చేశాడని తేలింది. వేళకు లేవడం, గుర్రాలను అదుపు చేయడం, ప్రయాణికులతో మెలగడం అన్నీ కావలసిన పని అది. లేని భార్యను కొట్టాడన్న కథ పాఠ్యపుస్తకాల చుట్టుపక్కల తరాలు తిరిగింది. మీ గ్రూపులో ఇప్పుడు ఒక ఉన్న భార్య గురించి, ఆమెను ఒక్క మాట అడగకుండా, అదే కథ మొదటి అధ్యాయం రాస్తున్నారు. మెదడు గాయం తర్వాత చిరాకు, కోపం పెరిగే అవకాశం ఉన్నమాట నిజమే. అది ఆ ఇంట్లో ఎలా ఉందో దూరం నుంచి వీడియోలు చూసి చెప్పగలవారు ఎవరూ లేరు.

ఇక మీరేం చేయవచ్చో చూద్దాం. భార్య పనిచేసే చోటు గ్రూపులో పెట్టారన్నారు. ఒక్క ఆ విషయంలో మాత్రం ఆలోచించి నిర్ణయించుకోమని చెప్పను, వెంటనే ఆ సందేశాన్ని తీసేయమని అడ్మిన్‌ను అడగండి, తీయకపోతే ఆ యాప్‌కే ఫిర్యాదు చేయండి. ఆయన నిజమైన సైనికుడైనా కాకపోయినా ఆవిడకు ఈ గొడవతో సంబంధం లేదు. దీనికి గ్రూపులో మిమ్మల్ని ఎవరైనా వెక్కిరించినా భరించదగిన మాటే.

పట్టికను ఆ ఛానల్ సభ్యుడికి ఇస్తే, ఇచ్చిన క్షణం నుంచి దానిమీద మీకు అదుపు ఉండదు. జాగ్రత్తగా రాసిన తేదీలు, నిమిషాలు ఎవరికీ అక్కర్లేదు, "నటనా?" అన్న మీ ఎర్ర అక్షరాలే వీడియో ముఖచిత్రం అవుతాయి. ఆ వీడియో వెళ్లిన చోటల్లా కొందరు ఆయనకు, కొందరు ఆయన కుటుంబానికి రాస్తారు. రేపు దస్త్రాల్లో ఆయన సేవ నిజమేనని తేలినా, దిద్దుబాటు మొదటి వీడియో చూసినవారికి చేరదు. మీ పేరు బయటికి వస్తే మీకూ చిక్కులే, అనుమానాన్ని వాస్తవంలా చెబితే పరువునష్టం ప్రశ్న వస్తుంది, ఆ చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. ఇవ్వడం వల్ల మేలు అంటూ ఉంటే, మీలాగే డబ్బు కట్టిన మరికొందరు జాగ్రత్తపడవచ్చు. ఆ మేలును ఇంత కీడు లేకుండా సాధించే దారి ఉందని ముందుకు వెళ్లాక చెబుతాను.

చెరిపేస్తే మనసు తేలికపడుతుంది, అందులో సందేహం లేదు. కాకపోతే ఇదంతా వేరొకరు మళ్లీ తయారుచేయగలరు, మీరు చెరిపినట్టు తెలిస్తే భయపడి చెరిపిందని కథ పుడుతుంది. రేపెప్పుడైనా డబ్బు విషయంలో ఫిర్యాదు చేయవలసి వస్తే, ఆయన ఏ రోజు ఏమని విరాళం అడిగారో చెప్పే వరుసలు మీకు పనికొస్తాయి. అందుకని మధ్యేమార్గం నాకు మేలనిపిస్తోంది. ఆయన సైనిక సేవ గురించి, డబ్బు గురించి స్పష్టంగా చెప్పిన మాటల వరుసలు ఉంచుకోండి. మాట తడబడిన, పదం మారిన, కోపగించుకున్న వరుసలన్నీ తీసేయండి. మీ వ్యాఖ్యలున్న నిలువు వరుస మొత్తం తీసేయండి. మిగిలినది ఎవరికీ పంపకుండా మీ దగ్గరే పెట్టుకోండి. ఇలా చేస్తే గ్రూపులో మీమీద ఒత్తిడి తగ్గదు, కొంతకాలం పెరుగుతుంది కూడా. "నా దగ్గర ఉన్నది రుజువు కాదు, గాయం గురించిన మాటల తేడాలు సైనిక సేవ గురించి ఏమీ చెప్పవు, కాబట్టి ఎవరికీ ఇవ్వను" అని ఒక్కసారి రాసి, మళ్లీ మళ్లీ వాదించకుండా ఊరుకోండి. మీ మాటతో ఏకీభవించేవారు కూడా అక్కడ ఉండి, నోరు విప్పడానికి ఎవరో ఒకరు మొదలుపెట్టాలని చూస్తూ ఉండవచ్చు. ఎవరూ రాకపోతే గ్రూపు వదిలి వెళ్లడం ఓటమి కాదు, కాకపోతే వెళ్లిపోయాక లోపల ఏం జరుగుతోందో తెలియదు, ఆయన భార్య పనిచేసే చోటు మళ్లీ ఎవరైనా పెడితే అడ్డుపడటానికి మీరుండరు. ఈ రెండింటిలో మీకు ఏది భరించగలిగేదో మీరే చూసుకోవాలి.

ఆయనకు రాయడం గురించి అడిగారు. రాయవచ్చు, గ్రూపు తరఫున కాక మీ ఒక్కరి తరఫున, అందరూ చూసే కామెంట్లలో కాక వ్యక్తిగతంగా. పట్టిక జతచేయకండి, పత్రాలు అడగకండి, గాయం ప్రస్తావనే వద్దు. "మీ సభ్యత్వ పేజీలో ఆర్మీలో పనిచేశారని ఉంది, దాన్ని నమ్మి నేను డబ్బు కడుతున్నాను. కొందరు అది నిజం కాదంటున్నారు. ఏ దళంలో, సుమారుగా ఏ సంవత్సరాల్లో పనిచేశారో మీకు ఇబ్బంది లేకపోతే చెప్పగలరా?" అని అడిగితే చాలు. ఆయన చెబితే సరిచూసుకోవడం సులువు. జవాబు రాకపోవచ్చు, కోపంతో మిమ్మల్ని బ్లాక్ చేయవచ్చు, లేదా ఈ పుకార్ల సంగతి మీ ఉత్తరంతోనే మొదటిసారి తెలిసి ఆయన బాధపడవచ్చు. ఆ బాధకు సిద్ధపడే రాయండి. మౌనాన్ని మాత్రం ఒప్పుకోలుగా చదవకండి.

అన్నయ్య విషయం గ్రూపు గొడవ తేలేదాకా ఆగవలసినది కాదు. ఆయన అడిగినదానికి మీరు ఆ రోజు జవాబు చెప్పలేకపోయారు, ఇప్పుడు చెప్పవచ్చు. ఆ వరుస ఎందుకు రాశారో దాచకుండా చెప్పండి, దాన్ని తీసేశానని చెప్పండి, ఆయన మాట కోసం ఆగినప్పుడు మీకు నిజంగా ఏమనిపిస్తుందో చెప్పండి. ఒకవేళ ఎప్పుడైనా విసుగు వచ్చి ఉంటే అది కూడా నిజాయితీగా ఒప్పుకోవచ్చు, ఎందుకంటే ఆయన ఇప్పటికే గమనించి ఉంటారు. మాట దొరకనప్పుడు మీరు అందించాలా, ఆగాలా అని ఆయన్నే అడగండి. కొందరికి అందిస్తే ఊరట, కొందరికి చిన్నతనం. ఉద్యోగంలో కూడా ఆయనకు ఇదే ఇబ్బంది ఉంటే, మాటకు సంబంధించిన చికిత్స ఇచ్చే స్పీచ్ థెరపిస్టులు మెదడు గాయం తర్వాత పదాలు తట్టకపోవడంమీద ప్రత్యేకంగా పనిచేస్తారు. ఇంతకుముందు చూపించకపోతే ఇప్పుడు చూపించడం ఆలస్యమేమీ కాదు.

చివరగా డబ్బు. మీరు ఆయనకు దేనికి కడుతున్నారో ఒకసారి మిమ్మల్ని మీరు అడగండి. యంత్రాల వీడియోల కోసమైతే, ఆ వీడియోలు మీకు అందాయి, మోసం జరగలేదు. నమ్మకం పోయిందనిపిస్తే సభ్యత్వం మానేయవచ్చు, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు, రుజువులూ అక్కర్లేదు. అలాకాక, గాయపడిన సైనికుడిగా చికిత్సకని ఆయన విరాళాలు అడిగి, మీరు అందుకే ఇచ్చి ఉంటే, విషయం వేరు. అమెరికా చట్టం కూడా ఆ రెంటినీ వేరుచేసి చూస్తుంది. లేని పతకాలు ఉన్నాయని చెప్పుకోవడాన్నే నేరం చేసిన 2006 నాటి చట్టాన్ని, కాలిఫోర్నియాలో ఒక నీటి బోర్డు సభ్యుడు తనకు అత్యున్నత పతకం వచ్చిందని అబద్ధమాడిన కేసులో, అమెరికా సుప్రీంకోర్టు 2012లో కొట్టేసింది. ఒట్టి అబద్ధం ఎంత అసహ్యమైనదైనా వాక్ స్వాతంత్ర్యం కిందికే వస్తుందన్నది దాని సారం. 2013లో వచ్చిన కొత్త చట్టం, డబ్బు, ఆస్తి వంటి లాభం కోసం పర్పుల్ హార్ట్ వంటి నిర్దిష్ట పతకాలు తమకు వచ్చాయని మోసంగా చెప్పుకుంటేనే నేరం అంటుంది, ఏడాది దాకా జైలు పడవచ్చు. పతకం ప్రస్తావన లేకుండా అబద్ధం చెప్పి విరాళాలు దండుకోవడం మామూలు మోసాల చట్టాల కిందికి వస్తుంది.

దస్త్రాల కేంద్రం నుంచి వచ్చిన జవాబు, ఆయన విరాళం అడిగిన మాటలు, రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు అబద్ధం స్పష్టంగా కనిపిస్తే, నేను పైన చెబుతానన్న దారి అప్పుడు తెరుచుకుంటుంది. విరాళాలు తీసుకున్న వేదికకు ఫిర్యాదు చేయవచ్చు. ఎఫ్‌బీఐ నడిపే ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ మోసాలను నమోదు చేయవచ్చు. అక్కడ అడిగేది ఎంత చెల్లించారు, ఎప్పుడు, ఎలా, ఏ హామీ నమ్మి అన్నదే. మీరు ఉంచుకున్న వరుసలు, బ్యాంకు స్టేట్‌మెంట్, వేదిక పంపిన రసీదులు దానికి సరిపోతాయి. తీసేసిన వరుసల్లో ఒక్కటి కూడా ఆ ఫిర్యాదుకు అక్కర్లేదు.